అమృతాంజనము చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

మన పెన్‌పహాడు ప్రాంతమున ఏ యింటి గూటిలో చూచినను, అద్దమునకు దువ్వెనకు నడుమ ఒక చిన్న సీసా కనబడుచుండును. అందులోని పసుపుపచ్చని లేపనమును నాట్లు వేసి వచ్చిన తల్లులు నడుమునకును, పత్తి తీసి వచ్చినవారు మెడకును రాచుకొందురు. పరీక్షల దినములలో మా తరగతి గదులయందును దాని వాసన వ్యాపించుచుండును. ఒకనాడు ఒక బాలుడు మమ్ము సమీపించి, ఈ మందును కనిపెట్టినది ఏ దేశపు దొరయని అడిగెను. దొర కాదు, తెలుగువాడే యని చెప్పి పంపితిమి గాని, అంతటితో మా మనస్సు తృప్తి చెందలేదు. ఆ తెలుగువాడు మందు చేయుట యొక భాగము. ఆ మందు తెచ్చిన ధనముతో చేసినది వేరొక భాగము. ఈ రెండవ భాగము మన పిల్లలకు తెలియకుండ పోవుచున్నదని తలచి యీ చరిత్రము వ్రాయుచున్నాము.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1867వ సంవత్సరమున కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామమునందు ఓనమాలు దిద్ది, బందరులో ఉన్నత పాఠశాల చదువు ముగించి, చెన్నపట్టణమునకు పోయి క్రైస్తవ కళాశాలలో చేరిరి. స్కాట్లండు దేశపు మిషనువారు నడపిన ఆ కళాశాలకు విలియం మిల్లరు పండితుడు ఆనాడు అధ్యక్షుడు. నాగేశ్వరరావుగారు ఆయన శిష్యులై 1891లో పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రచనలును ఆ వయస్సుననే వారి మనస్సును కదలించినవి.

ఆ కాలమున బి.ఎ. పట్టము చేత బట్టిన యువకునకు కచ్చేరీ యుద్యోగము ఎదురు వచ్చుచుండెను. తాలూకా కచ్చేరీలో కుర్చీ దొరికిన చాలునని తల్లిదండ్రులు దేవునికి మ్రొక్కుకొను దినములవి. నాగేశ్వరరావుగారు ఆ త్రోవను పోక వ్యాపారమును కోరిరి. చెన్నపట్టణమున కొంతకాలము పనిచేసి, కలకత్తాకు పోయి ఒక మందుల వర్తకశాలలో కుదురుకొనిరి. ఔషధములు కలుపుట, తూచుట, సీసాల కెత్తుట వారు నేర్చినది అచ్చటనే. పట్టము పొందినవాడు త్రాసు పట్టుటయా యని ఊరివారు కొందరు నవ్వియుండవచ్చును. నేటికిని మన యూళ్లలో అట్టి నవ్వు వినబడుచునే యున్నది గదా. పిమ్మట వారు బొంబాయి చేరి యొక ఐరోపావారి వ్యాపారసంస్థయందు ఉద్యోగించిరి. తుదకు పరుల కొలువు చాలించి, 1893లో ఆ నగరముననే అమృతాంజనమును స్వయముగా తయారు చేయ నారంభించిరి.

ఈ లేపనము చేయు పనిని గూర్చి కొంచెము చెప్పవలయును. దీనిలో కర్పూరము, మెంథాల్ అనబడు పుదీనా సత్తు, నీలగిరి తైలము మొదలగునవి కలియును. పుదీనా సత్తు చర్మమునకు తగిలినప్పుడు చలిని తెలుపు నరములను మేల్కొలుపును. చర్మము నిజముగా చల్లబడకున్నను చల్లబడినట్లే తోచును. కర్పూరము మెల్లగా వెచ్చదనమును పుట్టించును. ఈ చలువకును వెచ్చదనమునకును మనస్సు లోబడి నొప్పిని కొంతసేపు మరచును. అనగా ఇది బాధను తగ్గించునే కాని వ్యాధిని పోగొట్టదు. తలనొప్పి మాటిమాటికి వచ్చువారు సీసామీద సీసా ముగించుట మాని వైద్యునికి చూపుకొనవలయును. పసిపిల్లల ముక్కునకు ఇట్టి లేపనములు రాయుట ప్రమాదమనియు, కర్పూరము కడుపులోనికి పోయిన మరింత కీడనియు తల్లులు గుర్తుంచుకొందురు గాక. విషయము కొంత దారి తప్పినది గాని, ఇది చెప్పకుండ ముందునకు పోవ మాకు మనసొప్పలేదు.

మందు చేయుట యొక యెత్తు, దానిని జనులచేత కొనిపించుట మరియొక యెత్తు. పేరు విననివారు క్రొత్త మందును ఏల కొందురు? నాగేశ్వరరావుగారు సంగీత సభలకు వచ్చినవారికి అమృతాంజనమును ఊరకనే పంచిపెట్టిరి. రాత్రి ప్రొద్దుపోవువరకు కచేరీ వినువారికి తల బరువెక్కుట సహజము. అట్టి సమయమున చేతికందిన మందు గుణము ఎవరు మరతురు? వారు వ్యాపార రహస్యము నెరిగిన మనుష్యులు. కొందరు వ్రాసినట్లు వారిని లోకవ్యవహారము తెలియని సన్న్యాసిగా చిత్రించుట మాకు సమ్మతము కాదు. ఇచ్చుటకు ముందు ఆర్జించుట వారెరుగుదురు.

ధనము చేరెను. దానిని ఏమి చేయవలెనను ప్రశ్నయు దానితో కూడ వచ్చెను. 1907లో సూరత్తు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు పోయిరి. తెలుగువారి మాట తెలుగులో చెప్పు పత్రిక యొకటి కావలెనను తలంపు అప్పుడు వారియందు దృఢపడెను. మరుసటి సంవత్సరము, అనగా 1908లో, బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. తెలుగు దేశమున కంత దూరమున తెలుగు పత్రికయా యని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. బొంబాయిలో తెలుగువారు లేకపోలేదు. అచ్చటి కామాఠీపురమునకు ఆ పేరు మన తెలంగాణమునుండి కూలికి వలసపోయిన కామాఠీలవలన కలిగినదే. అయినను పత్రిక చదువువారిలో ఎక్కువమంది వందల మైళ్లకు ఇటువైపున నుండిరి. అందుచే 1914లో పంతులుగారు చెన్నపట్టణమునకు తరలివచ్చి, ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రికను దినపత్రికగా మార్చిరి. నాలుగు నెలలు నిండకమునుపే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగెను. దూరదేశపు యుద్ధవార్తలను తెలుగు పల్లెలవారు తమ భాషలో ప్రతిదినము చదువుకొనిరి.

1924లో భారతి యను సాహిత్య మాసపత్రికను స్థాపించిరి. 1926లో ఆంధ్రగ్రంథమాలను ఆరంభించి, మంచి గ్రంథములను అల్పవెలకు అందించిరి. మన తెలంగాణపు కవియైన పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ మాలయందే వెలువడెను. కాగితమునకును అచ్చునకును పెట్టిన ప్రతి రూపాయి వెనుకను తలనొప్పి మందు సీసాలున్నవని తలచినప్పుడు మాకు చిత్రముగా నుండును.

మన ప్రాంతమునకు సంబంధించిన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. కోదాడకు చేరువనున్న మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, సర్వ శాస్త్రములను తెలుగులోనికి దింపవలెనని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము నారంభించిరి. మూడు సంపుటములు ముగిసినను అకారాది పదములే యింకను ముగియలేదు. 1923లో లక్ష్మణరావుగారు మరణింపగా, ఆ మహాకార్యము దిక్కులేనిదయ్యెను. దానిని చేపట్టువారికి లాభము లేదు, పండితులకు జీతములీయవలెను, ఎన్ని యేండ్లు పట్టునో చెప్పగలవారు లేరు. నాగేశ్వరరావుగారు దానిని తమ భుజముల కెత్తుకొని, పండితులను కూర్చి, సంపుటములను సంస్కరించి తిరిగి అచ్చువేయింప పూనుకొనిరి.

రాజకీయములను క్లుప్తముగానే చెప్పెదము. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు వారు అధ్యక్షులైరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమునకు పోయిరి. గాంధి మహాత్ముడు వారిని విశ్వదాతయని పిలిచెను. తెలుగువారు దేశోద్ధారకుడని బిరుదమిచ్చిరి. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొన్నది మద్రాసులోని వారి గృహమగు శ్రీబాగులోనే. తెలంగాణము ఆనాడు నిజాము ఏలుబడిలో నుండుటచే ఆ ఒడంబడికలో దానికి పాలు లేదు.

ఇక కుటుంబము. అంతటి వ్యాపారమును కట్టినవారి యింట వారసురాలు కుమార్తె కామాక్షమ్మగారు. ఆమెను ఎలకుర్రువారే యైన శివలెంక శంభుప్రసాదుగారికిచ్చి వివాహము చేసిరి. తండ్రి ధనము బిడ్డదని లోకము చెప్పును. ఈ తండ్రి దానిలో పెద్ద భాగమును పత్రికలకును, గ్రంథములకును, చేయి చాచిన విద్యార్థులకును వెచ్చించిరి. అట్లని ఇంటిని నిరాధారముగ విడువలేదు. 1936లో అమృతాంజనమును లిమిటెడు కంపెనీగా మార్చి, ఒక మనుష్యుని ప్రాణముమీద ఆధారపడకుండ నిలుపు ఏర్పాటు చేసిరి. వారి పనులన్నిటిలో ఎవరును పొగడనిది ఇదియే. మా దృష్టిలో మిక్కిలి దూరదృష్టి గలదియు ఇదియే.

1938వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి. విజ్ఞాన సర్వస్వము వారి చేతను సంపూర్ణము కాలేదు. పత్రికల భారము అల్లుడగు శంభుప్రసాదుగారిపై పడెను. వారు 1972లో గతించువరకు, అనగా ముప్పదినాలుగేండ్లు, ఆంధ్రపత్రికను భారతిని నడపిరి. మామగారి బరువును మోయుట సులభము కాదు, అదియు లాభమునకు కాక మాటకొరకు మోయునప్పుడు. శంభుప్రసాదుగారిని గూర్చి మన పుస్తకములలో ఇంకను ఎక్కువ వ్రాయవలసియున్నది.

ఆంధ్రపత్రికయు భారతియు 1991 ప్రాంతమున నిలిచిపోయినవి. మందు మాత్రము నేటికిని తయారగుచునే యున్నది. మద్రాసు మైలాపూరులో, శ్రీబాగు చెంతనే, నాగేశ్వరరావు పార్కను పేర ఒక ఉద్యానవనము గలదు. అచ్చటికి తెల్లవారుజామున ముసలివారు నడకకు వత్తురు. పాత భారతి సంచికలను నేడు అంతర్జాలమున చదువవచ్చును. మమ్ము ప్రశ్నించిన బాలునకు ఒక సంచికను తెరచి చూపితిమి. వాడు కవితలను విడిచి, మొదట ప్రకటనల పుటలలో అమృతాంజనపు సీసా బొమ్మను వెదకెను.