గేర్ తగ్గించడమే కళ: సెన్నా పాదాల కథ

అయిర్టన్ సెన్నా 1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలోలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి చేయించిన చిన్న కార్ట్ నడిపారు. 1988, 1990, 1991లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయ్యారు.

అప్పట్లో ఆయన కార్లకు గేర్ లివర్ ఉండేది. మలుపు ముందు కుడి పాదంతో బ్రేక్ తొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి గేర్ తగ్గించాలి. ఇంజిన్ వేగం కలవకపోతే వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు రెండు పెడళ్లూ దగ్గరగా, ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటేనే పాదం అందుతుంది. అందుకే రేసు కార్లలో పెడళ్లను డ్రైవర్ పాదానికి తగ్గట్టు సర్దుతారు. సుజుకాలో మామూలు బూట్లతో హోండా ఎన్ఎస్ఎక్స్ నడిపిన వీడియోలో సెన్నా పాదాల పనితనం ఇప్పటికీ చూడొచ్చు.

1991లో సొంత ఊళ్లోని ఇంటర్లాగోస్ రేసులో గేర్లు మొరాయించాయి. చివరికి ఆరో గేరే మిగిలింది. తనకు బాగా వచ్చిన విద్యే అక్కరకు రాని వేళ, 3 సెకన్ల లోపు తేడాతో గెలిచారు. స్వదేశంలో ఆయనకదే తొలి విజయం. మాన్యువల్ గేర్లతో చాంపియన్‌షిప్ గెలిచిన చివరి కారు ఆ ఏటి మెక్‌లారెనే.

1994 మే 1న ఇమోలా రేసు ప్రమాదంలో 34 ఏళ్లకే సెన్నా కన్నుమూశారు.