పాములపర్తి వేంకట నరసింహారావుగారి మంత్రివర్గము

ఎన్నికలు ముగిసి యే పక్షమునకును సంపూర్ణమైన యాధిక్యము లభింపనప్పుడు దేశమున నెల్లరి నోటను వినవచ్చు ప్రశ్న యొక్కటే: మంత్రిపదవులు ఎవ్వరికెన్ని? 2024 జూన్ మాసమున భారతీయ జనతాపక్షము 240 స్థానములతో నిలిచి, 16 స్థానముల తెలుగుదేశము, 12 స్థానముల ఐక్య జనతాదళము మున్నగు మిత్రపక్షముల తోడ్పాటుతో ప్రభుత్వము నేర్పఱచినప్పుడును జనులు ఈ లెక్కనే వేసిరి. పదవుల పంపకమును గూర్చిన ముచ్చటయే గాని, ఆ పదవుల ద్వారమున దేశమునకు జరుగవలసిన పని యేది యను విచారణ మిక్కిలి తక్కువ. కావున, సగమునకు తక్కువ బలముతో నారంభించి యైదేండ్లు దేశమును నడపిన యొక తెలుగువాని చరిత్రమును మఱల స్మరించుట యావశ్యకమని మేము తలంచుచున్నాము. ఆయన మన హనుమకొండ ప్రాంతమువారగుటచే నీ విచారణ మనకు మఱింత విధియగుచున్నది.

శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1921 జూన్ 28వ తేదీన నర్సంపేట తాలూకాలోని లక్నేపల్లి గ్రామమున జనించి, వంగర గ్రామమునకు దత్తు వెళ్లిరి. ఆ వంగర యిప్పుడు హనుమకొండ జిల్లాలోనిదే. వీరి విద్యాభ్యాసము హనుమకొండలో సాగెను. 1938లో నిజాము ప్రభుత్వ నిషేధమును లెక్కసేయక వందేమాతర గీతమును పాడిన విద్యార్థులలో వీరు నొకరై, కళాశాలనుండి బహిష్కృతులైరి. నిజాము రాజ్యమున మఱి చదువుటకు వీలులేక పూనా, నాగపురములకు బోయి, విజ్ఞానశాస్త్రమునందును న్యాయశాస్త్రమునందును పట్టములు పొందిరి. హైదరాబాదు స్వాతంత్ర్యోద్యమమున సరిహద్దు శిబిరమునుండి పనిచేసిరి. పిదప మిత్రులు పాములపర్తి సదాశివరావుగారితో గలసి వరంగల్లునుండి కాకతీయ పత్రికను నడపిరి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు నవలను హిందీ భాషలోనికి తెచ్చినవారును వీరే.

1957లో మంథని నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికై, రెండు దశాబ్దములు ఆ స్థానమును నిలుపుకొనిరి. 1962 మొదలు రాష్ట్రమంత్రిగా నుండి, 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి యైరి. వీరి ప్రభుత్వకాలమున రూపొందిన భూసంస్కరణల చట్టము 1973 సంవత్సరపు మొదటి చట్టముగా వెలువడెను. మాగాణి భూమికి 10 మొదలు 27 ఎకరములు, మెట్టభూమికి 35 మొదలు 54 ఎకరములు పరిమితి యని దాని సారాంశము. తామే పెద్ద భూవసతి గల కుటుంబమునకు చెందినవారయ్యు నీ పనికి పూనుకొనుటచే, భూస్వాములలో పలువురు వీరియెడ విముఖులైరి. ఇంతలో 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పగా, కోస్తా, రాయలసీమ ప్రాంతములలో జై ఆంధ్ర ఉద్యమము ప్రజ్వరిల్లెను. ఉప ముఖ్యమంత్రి బి. వి. సుబ్బారెడ్డిగారితో గూడ నా ప్రాంతపు మంత్రులు పలువురు రాజీనామా లిచ్చిరి. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవియు పోయి, రాష్ట్రపతి పాలన వచ్చెను.

ఈ యపజయమును మేము ముఖ్యముగా గమనింప గోరుదుము. శాసనసభలో నాధిక్యమున్నను, మంత్రివర్గము ప్రాంతములవారీగా చీలినచో ప్రభుత్వము నిలువదని ఈ యనుభవము చూపినది. సభలోని సంఖ్య ప్రభుత్వమును పుట్టించును. మంత్రులలోని పొందిక దానిని బ్రతికించును. పదునెనిమిదేండ్ల పిదప మంత్రివర్గమును కూర్చునప్పుడు నరసింహారావుగారు ఈ పాఠమును మఱవలేదని మా నమ్మకము.

1977లోను 1980లోను హనుమకొండ ప్రజలు వీరిని లోకసభకు పంపిరి. ఇందిరాగాంధీగారి ప్రభుత్వమున విదేశాంగ మంత్రిగా పేరు గడించిరి. 1984లో గృహమంత్రిగా నుండగా, ఇందిరాగాంధీగారి హత్యానంతరము ఢిల్లీ నగరమున సిక్కుల యూచకోత జరిగెను. ఆ దినములలో గృహశాఖ నిశ్చేష్టమై యుండుట వీరి చరిత్రలో మాయని మచ్చ. ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో దేశమంతటను కాంగ్రెసు గాలి వీచినను, హనుమకొండలో మాత్రము చందుపట్ల జంగారెడ్డిగారు వీరి నోడించిరి. ఆనాడు భారతీయ జనతాపక్షమునకు దేశము మొత్తముమీద దక్కిన రెండు స్థానములలో హనుమకొండ యొకటి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనందురు. వీరు ఇంట నోడి, మహారాష్ట్రమునందలి రాంటెక్కునుండి గెలిచి లోకసభ జేరిరి. పిమ్మట రాజీవుగాంధీగారి ప్రభుత్వమున రక్షణ, మానవవనరులు, విదేశాంగము మున్నగు శాఖలను నిర్వహించిరి.

1991 ఎన్నికలలో వీరు పోటీయే చేయలేదు. రాజకీయములనుండి విరమించు నుద్దేశముతో నుండగా, మే 21వ తేదీన శ్రీపెరంబుదూరులో రాజీవుగాంధీగారు హతులైరి. కాంగ్రెసునకు సుమారు 230 స్థానములే వచ్చెను. భారతీయ జనతాపక్షము 120 స్థానములతో ప్రతిపక్షమున గూర్చుండెను. సొంత బలము చాలక, అల్పసంఖ్యాక ప్రభుత్వమునకు నాయకులుగా నరసింహారావుగారు జూన్ 21వ తేదీన ప్రధానమంత్రి పదవిని స్వీకరించిరి. దక్షిణాపథమునుండి ఆ పదవి నలంకరించినవారిలో వీరే ప్రథములు. నవంబరులో నంద్యాలనుండి లోకసభకు పోటీ చేయగా, తెలుగుదేశము తన యభ్యర్థిని నిలుపలేదు. అయిదులక్షలకు మించిన యాధిక్యముతో గెలిచిరి.

ఇక మంత్రివర్గపు కూర్పు. ప్రధాని పదవికి తమతో పోటీపడిన శరద్ పవారుగారికి రక్షణశాఖను, పక్షములో ప్రబలులైన అర్జున్ సింగుగారికి మానవవనరుల శాఖను ఇచ్చిరి. పవారుగారి మహారాష్ట్రమునకే చెందిన శంకరరావు చవానుగారిని గృహమంత్రిగా నియమించిరి. విదేశాంగము మాధవసింహ సోలంకిగారికి, వ్యవసాయము బలరాం జాఖడుగారికి, రైల్వేలు జాఫర్ షరీఫుగారికి, న్యాయశాఖ మన కోట్ల విజయభాస్కరరెడ్డిగారికి లభించెను. రాష్ట్రములు, కులములు, మతములు, వర్గములు అన్నియు నిందు తూకము వేయబడినవి. పేరునకు ఏకపక్ష మంత్రివర్గమేగాని, లోపల నది యొక సంకీర్ణ మంత్రివర్గమే.

అయితే ఈ తూకములో రెండు శాఖలను మాత్రము వీరు పెట్టలేదు. ఆర్థికశాఖను ఏ వర్గనాయకునికిని ఈయక, ఆనాటికి పార్లమెంటు సభ్యులైనను కాని ఆర్థికశాస్త్రవేత్త మన్మోహన్ సింగుగారి చేత నుంచిరి. పరిశ్రమలశాఖను తామే యుంచుకొనిరి. విదేశీమారకపు నిల్వ కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలు దినములవి. రిజర్వు బ్యాంకు బంగారమును విదేశములకు పంపి కుదువబెట్టవలసి వచ్చెను. జూలై 1, 3 తేదీలలో రూపాయి మారకపు విలువ తగ్గింపబడెను. జూలై 24వ తేదీన పరిశ్రమలవిధానమును బడ్జెటును ఒకే దినమున వెలువడినవి. 18 పరిశ్రమలు తప్ప తక్కినవాని కెల్ల లైసెన్సు నిర్బంధము తొలగెను. ఆ రెండు శాఖలును పంపకములో పోయినచో నీ పని యింత త్వరితముగ జరిగెడిది కాదు. తృప్తిపఱుపదగినవారికి పదవి నిచ్చుట యొకటి, పని జరుగవలసినచోట పనివాని నుంచుట యొకటి. ఈ రెండింటి భేదము నెఱిగి నడచుటయే వీరి నేర్పు. 1947లో జవాహర్‌లాల్ నెహ్రూగారి మంత్రివర్గమున కాంగ్రెసువారు కాని అంబేద్కరుగారికి న్యాయశాఖయు, షణ్ముఖం చెట్టిగారికి ఆర్థికశాఖయు లభించుట యీ మార్గమునకే పూర్వోదాహరణము. 1994లో కాశ్మీరు విషయమై జెనీవాకు పంపిన ప్రతినిధివర్గమునకు ప్రతిపక్షనాయకులగు వాజపేయిగారిని నాయకులుగా జేయుటయు నీ నేర్పులోనిదే.

కాని గుణములతోబాటు దోషములను జెప్పనిచో చరిత్రము స్తోత్రపాఠమగును. 1992 డిసెంబరు 6వ తేదీన అయోధ్యలో బాబరీ మసీదు కూలగొట్టబడెను. రాష్ట్రప్రభుత్వపు హామీలను నమ్మి కూర్చుండిన కేంద్రము దానిని కాపాడలేకపోయెను. 1993 జూలై 28వ తేదీన అవిశ్వాస తీర్మానము 251కి 265 ఓట్లతో వీగిపోయెను. ఆ ఓట్లలో కొన్ని ధనమిచ్చి కొనబడినవను నభియోగము న్యాయస్థానముల కెక్కెను. 2000లో క్రింది న్యాయస్థానము వీరిని దోషిగా నిర్ణయించినను, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టెను. ఆ వ్యవహారముననే, లంచము గొని సభలో ఓటు వేసిన సభ్యునకు రాజ్యాంగ రక్షణ గలదని సర్వోన్నత న్యాయస్థానము 1998లో చెప్పిన తీర్పును, 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రద్దుచేసినది. బొటాబొటి బలముతో నిలిచిన ప్రభుత్వమునకు గల ప్రమాదమెట్టిదో యిది తెలుపుచున్నది.

మంత్రివర్గపు కూర్పును తుదివఱకు నిలువలేదు. సోలంకిగారు 1992లో వైదొలగిరి; పవారుగారు 1993లో మహారాష్ట్రమునకు మఱలిరి; అర్జున్ సింగుగారు 1994 చివర రాజీనామా చేసి యెదురు తిరిగిరి. రక్షణశాఖను ప్రధానియే వహింపవలసి వచ్చెను. ఎల్లరను కలుపుకొనిన చేయియే క్రమముగా నెవ్వరిని నమ్మని చేయి యయ్యెనని మాకు దోచుచున్నది. 1996 ఎన్నికలలో కాంగ్రెసు 140 స్థానములకు దిగజారెను. 2004 డిసెంబరు 23వ తేదీన నరసింహారావుగారు ఢిల్లీలో కాలధర్మము నొందిరి. 2024లో భారతరత్న బిరుదము మరణానంతరము వీరికి లభించెను.

2003లో చేసిన రాజ్యాంగ సవరణచే మంత్రుల సంఖ్య లోకసభ సభ్యసంఖ్యలో నూటికి పదునైదునకు మించరాదను నియమ మేర్పడినది. పదవులకు హద్దు చట్టము వేయగలదు. ఆ పదవులలో నెవ్వరిని గూర్చుండబెట్టవలెనను వివేకమును చట్టము నేర్పజాలదు. కావున హనుమకొండ ప్రజలకును తక్కిన తెలుగువారికిని మా మనవి యిది. మన ప్రాంతమునకు మంత్రిపదవులెన్ని వచ్చినవని లెక్కించి సంతసించుటతో నాగక, ఆర్థికము, వ్యవసాయము, విద్య మున్నగు ముఖ్యశాఖలు సమర్థుల చేతిలో నున్నవా యని విచారింపుడు. ప్రభుత్వమును నిలుపు ఓట్లు ఏ మూల్యమునకు వచ్చినవని నిలదీసి యడుగుడు. నరసింహారావుగారి జయమును అపజయమును మనకు బోధించునది యిదియే.