ఆసుపత్రుల వెనుక ఓ రాజకుమారి

ఆసుపత్రి అనగానే మనకి డాక్టరు, నర్సు, మందుల చీటీ గుర్తొస్తాయి. ఆ నర్సుకి పని నేర్పిందెవరు? పసివాడికి వేసే టీకా ఎక్కడ తయారైంది? డాక్టర్లకి పాఠాలు చెప్పే డాక్టర్లు ఎక్కడినుంచి వస్తారు? ఇవన్నీ మనం అడగం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వీటన్నిటికీ జవాబు వెతకాల్సిన బాధ్యత ఒక స్త్రీ మీద పడింది. ఆవిడే రాజకుమారి అమృత్ కౌర్. స్వతంత్ర భారతదేశపు తొలి ఆరోగ్యమంత్రి. నెహ్రూగారి తొలి కేబినెట్‌లో ఒకే ఒక్క మహిళ.

ఆవిడ పుట్టింది లక్నోలో, కపుర్తలా రాజవంశంలో. చదువంతా ఇంగ్లండులో. 1918లో తిరిగొచ్చిన ఆవిడ మరుసటి ఏడాదే గాంధీజీని కలుసుకున్నారు. రాజభోగాలు వదిలి ఖద్దరు కట్టి, దాదాపు పదహారేళ్ళు ఆయనకు కార్యదర్శిగా ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటులో పాలుపంచుకుని బాల్యవివాహాలు, పరదా మీద పోరాడారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకీ వెళ్ళారు.

1947లో ఆవిడ చేతికొచ్చిన శాఖ సామాన్యమైందా? ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులు అన్నది అప్పటి అంచనా. క్షయ సరేసరి. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు నాలుగు ఆసుపత్రులు కట్టించి పేరు తెచ్చుకోవాలనుకుంటారు. ఆవిడ మాత్రం ఆసుపత్రులన్నిటికీ ఆసరాగా నిలిచే సంస్థల మీద కూడా దృష్టి పెట్టారు. నాకు ఆవిడలో బాగా నచ్చిన గుణం ఇదే.

నర్సుల సంగతే చూడండి. నర్సు పనికి ఆడపిల్లని పంపితే పరువు తక్కువ అనుకునే ఇళ్ళు ఆ రోజుల్లో బోలెడు. ఒక్కోచోట ఒక్కో రకం శిక్షణ. ఆవిడ మంత్రి అయిన ఏడాదే నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. నర్సులకీ, మంత్రసానులకీ దేశమంతా ఒకే స్థాయి శిక్షణ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఢిల్లీలో 1946లో మొదలైన నర్సింగ్ కళాశాల ఇవాళ ఆవిడ పేరుతోనే ఉంది.

1948లో మద్రాసు గిండీలో బీసీజీ టీకా లేబొరేటరీ ఏర్పడింది. క్షయకి టీకా మనమే తయారుచేసుకునే వీలు కలిగింది. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వాళ్ళు కూడా 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో ఈ టీకా మీద పరిశోధన చేశారు. అయితే 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి ఈ టీకాలని గట్టిగా వ్యతిరేకించారు. జనంలో భయం పుట్టింది. అమృత్ కౌర్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ టీకా పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని అంతగా ఆపలేదని తర్వాత తేలింది. కానీ పసిపిల్లల్ని ప్రాణాంతకమైన క్షయ నుంచి కాపాడుతుంది. అందుకే ఇప్పటికీ పుట్టిన బిడ్డకి వేయిస్తున్నాం.

ఇక ఆవిడ పేరు చెప్పగానే గుర్తురావలసింది ఎయిమ్స్. న్యూజిలాండ్ ఇచ్చిన సాయంతో 1952లో పునాదిరాయి పడింది. 1956లో పార్లమెంటులో బిల్లు పెట్టి చట్టం చేయించారు. సంస్థ తన కాళ్ళమీద తాను నిలబడాలి, మెడికల్ కాలేజీలకి మంచి గురువుల్ని తయారుచేయాలి అన్నది ఆవిడ ఆలోచన. అక్కడి డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదన్న నియమం కూడా పెట్టించారు. ఎంత ధైర్యం కావాలి దానికి!

ఆవిడ చేసినవన్నీ ఒప్పని నేననను. గాంధీజీ ప్రభావంతో కుటుంబ నియంత్రణలో సాధనాలు, మందుల కంటే సురక్షిత దినాల పద్ధతినే నమ్మారు. రోజులు లెక్కపెట్టుకోవడానికి ఆడవాళ్ళకి రంగు పూసల దండలిచ్చి చూశారు. అది ఫలించలేదు. ఇంట్లో మగవాడి సహకారం లేనిదే ఆ లెక్క కుదరదని మనకి వేరే చెప్పాలా? ఏటేటా కానుపులతో నలిగిపోయే తల్లులకి అంతకంటే నమ్మకమైన దారి కావలసింది.

1957 దాకా ఆవిడ మంత్రిగా ఉన్నారు. 1964లో కన్నుమూశారు. సిమ్లాలోని సొంత ఇంటిని ఎయిమ్స్ నర్సులు, సిబ్బంది సెలవుల్లో విశ్రాంతి తీసుకోవడానికి ఇచ్చేశారు. పెద్ద డాక్టర్లని గౌరవించేవాళ్ళు చాలామంది ఉంటారు. రాత్రంతా వార్డులో నిలబడే నర్సు అలసట ఎంతమందికి గుర్తుంటుంది చెప్పండి!

2018లో మంగళగిరి ఎయిమ్స్‌లో, 2019లో బీబీనగర్ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ క్లాసులు మొదలయ్యాయి. అక్కడ చదివే మన పిల్లలకి ఆ పేరు వెనక ఈవిడ కష్టం ఉందని చెప్పాలి. అంతకంటే ముఖ్యం, ఈసారి సర్కారు దవాఖానాకి వెళ్ళినప్పుడు మంచాలెన్ని ఉన్నాయని చూసి ఊరుకోకుండా, అక్కడ నర్సులు ఎంతమంది ఉన్నారు, టీకాలు వేళకి వస్తున్నాయా అని కూడా అడుగుదాం. ఈ రెండూ లేకపోతే ఎంత పెద్ద భవనమైనా వట్టి గోడలే.