రక్తం రంగు చూపిన దారి: జాన్ గిబ్బన్ జీవితం

గుండెను కాసేపు ఆపి ఆపరేషన్ చేసి, మళ్లీ కొట్టుకునేలా చేయడం నేడు హైదరాబాద్, విశాఖపట్నం ఆసుపత్రుల్లో మామూలే. ఆ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పనిని హార్ట్-లంగ్ మెషీన్ చూసుకుంటుంది. దాంతో మనిషికి తొలి విజయవంతమైన ఓపెన్ హార్ట్ సర్జరీ చేసిన వైద్యుడు జాన్ గిబ్బన్. ఆయన రెండు దశాబ్దాల శ్రమ రక్తం రంగులో కనిపించిన మార్పుతో మొదలైంది.

గిబ్బన్ 1903లో ఫిలడెల్ఫియాలో వైద్యుల కుటుంబంలో పుట్టారు. 1927లో జెఫర్సన్ మెడికల్ కాలేజీ నుంచి పట్టా పొంది, తర్వాత పరిశోధన కోసం బోస్టన్ వెళ్లారు. అక్కడ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న ఒక మహిళకు ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడింది. రాత్రంతా పక్కనే ఉండి ఆమె నాడి, బీపీ చూడటం గిబ్బన్ పని. ఆయన కళ్ల ముందే ఆమె సిరలు ఉబ్బాయి, వాటిలో రక్తం అంతకంతకూ నల్లబడింది. ఉదయం సర్జన్ ఎడ్వర్డ్ చర్చిల్ ఛాతీ తెరిచి గడ్డలు తీసినా ఆమె దక్కలేదు. ఆ నల్లటి రక్తాన్ని బయటకు తీసి, ఆక్సిజన్ పట్టించి, ధమనిలోకి పంపే వీలుంటే బతికేదేమో అన్న ఆలోచన గిబ్బన్‌ను వదల్లేదు.

చర్చిల్ దగ్గర టెక్నీషియన్‌గా పనిచేసిన మేరీ హాప్కిన్సన్‌ను ఆయన పెళ్లాడారు. భార్యాభర్తలిద్దరూ కలిసి పిల్లులపై ప్రయోగాలు చేశారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఆదుకుంది. యుద్ధం వల్ల పని ఆగింది. తర్వాత ఐబీఎం ఇంజనీర్లు తోడయ్యారు.

1952లో యంత్రం వాడిన తొలి పసిబిడ్డ చనిపోయింది. 1953 మే 6న 18 ఏళ్ల యువతి గుండె గదుల మధ్య గోడలోని రంధ్రాన్ని గిబ్బన్ మూశారు. 26 నిమిషాల పాటు ఆమె ప్రాణం పూర్తిగా యంత్రంపైనే ఆధారపడింది. ఆమె కోలుకుంది. అదే ఏడాది మరో ఇద్దరు చిన్నారులు మరణించడంతో ఆయన ఆ ఆపరేషన్లు మానేశారు. ఆయన యంత్రాన్ని మెరుగుపరిచి, 1955 నుంచి మేయో క్లినిక్‌లో జాన్ కిర్క్లిన్ ముందుకు తీసుకెళ్లారు.

యంత్రంలో తిరిగే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో తెలియాలంటే నమూనా తీసి పరీక్షించాలి. ఫలితం వచ్చేలోపు పరిస్థితి మారిపోవచ్చు. గిబ్బన్ కంటితో చూసిన తేడాను కొలిచే మార్గం మరొకరు చూపారు. 1940ల మొదట్లో గ్లెన్ మిలికన్, పైలట్ల కోసం చెవి తమ్మె గుండా కాంతి పంపి ఆక్సిజన్‌ను లెక్కగట్టే ఆక్సీమీటర్ రూపొందించారు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎర్రటి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్ విషయంలో తీరు వేరు. ఆ రెండింటి నిష్పత్తే లెక్కకు ఆధారం.

ఇప్పుడు అదే సూత్రంతో పనిచేసే సెన్సర్‌ను యంత్రపు గొట్టానికి బయటి నుంచే తగిలిస్తారు. రక్తాన్ని తాకకుండానే ఆక్సిజన్, ఎర్రకణాల వాటా క్షణక్షణం తెరపై కనిపిస్తాయి. కొన్ని డయాలసిస్ యంత్రాల్లోనూ ఇలాంటివి ఉంటాయి. ఒంట్లోంచి నీరు మరీ వేగంగా తీస్తే రక్తం చిక్కబడుతుంది. కాంతి ఆ మార్పును పట్టిస్తే, రోగి బీపీ పడిపోకముందే సిబ్బంది వేగం తగ్గించవచ్చు.

గిబ్బన్‌కు 1968లో లాస్కర్ అవార్డు దక్కింది. 1973 ఫిబ్రవరి 5న టెన్నిస్ ఆడుతూ గుండెపోటుతో మరణించారు. అప్పటికే ఆయన వదిలేసిన పనిని ఇతరులు ప్రపంచమంతటా అందిపుచ్చుకున్నారు.