ఆర్యభటాచార్యుడు

1975 ఏప్రిల్ 19న మింటి కెగసిన మన తొలి యుపగ్రహమునకు ఆర్యభటుని పేరు పెట్టుకొంటిమి. పేరు తెలిసినంతగా ఆ మహనీయుని గ్రంథము మనవారికి తెలియదు.

కలియుగమున 3600 ఏండ్లు గడచునప్పటికి తనకు 23 ఏండ్లు నిండెనని యాతడే సూచించెను. దానినిబట్టి జననము క్రీ.శ. 476 అని తేలుచున్నది. అతడు పేర్కొన్న విద్యాస్థానము కుసుమపురము, అనగా పాటలీపుత్రము. 629లో వ్యాఖ్య రచించిన ప్రథమ భాస్కరుడు ఆతని శాస్త్రమును ఆశ్మకమనెను. అశ్మకదేశము గోదావరీతీరమునందలిది, దాని రాజధాని నేటి బోధనేయని పలువురు చరిత్రకారుల మతము. ఇంతమాత్రమున నాతనిని తెలుగువానిగా జేసికొనుటకు మేము సాహసింపము.

ఆర్యభటీయము 121 శ్లోకముల చిన్న పొత్తము. 20000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పి, అది ఆసన్నమే యని తానే హెచ్చరించెను. శాస్త్రజ్ఞుని మనస్సు ఆ యొక్క మాటయందే కానవచ్చుచున్నది. గ్రహణములకు భూచ్ఛాయయు, చంద్రుని యడ్డమును కారణములని చూపెను.

అన్నిటికంటె సాహసమైనది భూభ్రమణవాదము. నావలో పోవువానికి ఒడ్డున నున్నవి వెనుకకు పోవునట్లు తోచునట్లే, మనకు నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచునని వివరించెను. 4320000 ఏండ్ల మహాయుగమున భూమి 1582237500 మార్లు తిరుగునని లెక్కగట్టెను. ఆ యుగమునందలి దినములను ఈ సంఖ్యచే భాగించినచో నొక భ్రమణమునకు 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లు వచ్చును. నేటి యంత్రములు చెప్పునదియు నించుమించుగా నింతియే.

తరువాతి కథయే మాకు వ్యసనము గొల్పుచున్నది. భూమి తిరుగునేని పక్షులు గూళ్లకెట్లు మరలునని వరాహమిహిరుడును, ఉన్నతవస్తువులేల కూలవని 628లో బ్రహ్మగుప్తుడును ఆక్షేపించిరి. అవి న్యాయమైన ప్రశ్నలే. కాని యనంతరవ్యాఖ్యాతలలో కొందఱు వాదము మాని పాఠమునే దిద్దిరి. భూమి యని యున్నచోట ఒక్క యక్షరము మార్చి నక్షత్రమండలమని చదివిరి. గురువును పూజించుచునే గురువు మాటను తుడిచివేసిరి! ప్రతిపక్షులు చేయని యపకారమిది.

ఆర్యభటుడు పొరపడనివాడు గాడు. గోళముయొక్క ఘనఫలమును తప్పుగా జెప్పెను. 1150లో భాస్కరాచార్యుడు లీలావతియందు సరియైన సూత్రము నిచ్చెను. దిద్దుటయన నట్లుండవలెను. పూర్వుని గ్రంథమును పూర్వునిదిగనే యుంచి, తనమాట తన గ్రంథమున వ్రాసెను.

19వ శతాబ్దినాటికి ఆర్యభటీయము పండితులకే దుర్లభమయ్యెను. 1864లో భావూ దాజీ దాని తాళపత్రప్రతులను వెలికిదెచ్చెను. పదియేండ్లకు, 1874లో, అది అచ్చుపడినది. కాశిలోగాదు, పాటలీపుత్రమునగాదు, హాలండునందలి లైడెన్ నగరమున, కెర్న్ పండితుని పరిష్కరణమున.