రహీం సార్: బడి మైదానం నుంచి జకార్తా దాకా

మన బడికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భంలో గురువులందరినీ పేరుపేరునా తలుచుకుంటున్నాం. లెక్కల సారు, తెలుగు సారు, సైన్సు టీచరు వెంటనే గుర్తొస్తారు. మెడలో విజిల్‌తో ఎండలో నిలబడ్డ పీఈటీ సారు మాత్రం చాలాసార్లు ఆఖరున గుర్తొస్తారు. అందుకే ఈ సంచిక కోసం ఒక బడి పంతులు జీవితం రాయాలనిపించింది. ఆయనది మన ఊరు కాదు. కానీ మన కాగజ్‌నగర్ ఒకప్పుడు ఏ హైదరాబాద్ రాజ్యంలో ఉండేదో, ఆ రాజధానిలోనే పుట్టి, అక్కడి బళ్లలోనే పాఠాలు చెప్పారు. భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక ఉపాధ్యాయుడిగా చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లోనూ, దారుల్ ఉలూమ్ పాఠశాలలోనూ పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు.

ఈ రోజుల్లో పెద్ద కాలేజీ జట్లకు సైతం ఆట నేర్పే కోచ్ ఒకరు, ఆటగాళ్ల బలం, దమ్ము చూసుకునే ట్రైనర్ మరొకరు ఉంటున్నారు. రహీం కాలంలో ఈ రెండు పనులూ ఒక్క మనిషివే. యంత్రాలు లేవు, జిమ్ములు లేవు. ఉన్నది మైదానం, బంతి, పిల్లలు. వాటితోనే ఆయన కొత్త కొత్త పోటీలు కల్పించారు. ఒక పోటీలో అలవాటున్న కాలు వాడకూడదు, రెండో కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం పిల్లవాడికి ఎడమకాలు తప్ప గతి లేదు. మొదట్లో నవ్వులపాలైనా, కొన్నాళ్లకు రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అప్పుడు మిగిలినవాళ్లు నిలబడి చూస్తే కుదరదు, ఖాళీ జాగా వెతుక్కుంటూ పరుగెత్తాల్సిందే. వ్యాయామం అని చెప్పకుండానే వ్యాయామం అయిపోయేది. పొట్టి పిల్లల కోసం ఎత్తుకు హద్దు పెట్టి పోటీలు నడిపారు. పెద్ద ఒళ్లున్న వాళ్ల మధ్య నలిగిపోయే పిల్లలకు అవి కొండంత ధైర్యం.

ఫలితం త్వరగానే కనిపించింది. 1950లో సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ బంగారు పతకం అందుకుంది. ఆ జట్టుకు కోచ్ రహీం సారే.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో దెబ్బ తగిలింది. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో పోటీలు అప్పట్లో చాలావరకు 70 నిమిషాలే, ఒలింపిక్స్‌లో 90 నిమిషాలు. ఆ చివరి ఇరవై నిమిషాలకు దమ్ము ఎక్కడి నుంచి రావాలి? రహీం ఆ లోటు మీదే పనిచేశారు. నాలుగేళ్ల తర్వాత 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ కుర్రాళ్లు ఆ జట్టులో ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చులు లేకపోతే, అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నది రహీం సారే. పిల్లవాడిలో ఆట ఉందని తెలిశాక, జేబులో డబ్బు లేదని వదిలేసే మనిషి కారాయన.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనకు క్యాన్సర్ సోకింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోలీ తంగరాజ్‌కు ఫ్లూ. సాకులు వెతుక్కోవాలంటే అన్నీ ఉన్నాయి. రహీం మాత్రం ఉన్నవాళ్ల బలాన్ని కొత్తగా లెక్కవేశారు. కుట్లతో ఉన్న జర్నైల్‌ను ముందు వరుసకు మార్చారు. ఫైనల్లో తంగరాజ్‌నే మళ్లీ గోల్‌లో నిలబెట్టారు. సెప్టెంబర్ 4న దాదాపు లక్షమంది ప్రేక్షకులు. క్రీడల నిర్వహణ మీద రేగిన వివాదం వల్ల వాళ్లు మన జట్టు మీద కోపంగా ఉన్నారు. ఎదుట అదే దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం మనదైంది. ఫైనల్‌కు ముందు తనకు ఆ పతకాన్ని కానుకగా ఇమ్మని సారు అడిగారని ఆటగాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ బంగారం గెలవలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు అర్హత కూడా సాధించలేదు.

ఈ కథలో మనకు పనికొచ్చేది పతకాల లెక్క ఒక్కటే కాదు. జకార్తాలో పండిన పంటకు నారు పోసింది బడి మైదానాల్లో. పరీక్షలు దగ్గరపడగానే మన దగ్గర మొదట పోయేది ఆటల పీరియడే. గదులు చాలకపోతే మొదట కోసేది మైదానాన్నే. ఆ పని చేసేటప్పుడు ఎంతమంది పిల్లల కాళ్లు కట్టేస్తున్నామో మనకు తెలియదు.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమిద్దామని పూర్వ విద్యార్థులం మాట్లాడుకుంటున్నాం. కంప్యూటర్లు, బెంచీలు జాబితాలో ఉండనీయండి. వాటి కింద చదును చేసిన మైదానం, రెండు గోల్ పోస్టులు, పది బంతులు కూడా రాయమని నా మనవి. మన పీఈటీ సార్లను కూడా ఆ రోజు వేదిక మీదికి ముందు వరుసలోకే పిలుద్దాం.