బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

దూది ఏకుకొని బ్రతికే పింజారి కులంలో పుట్టి, పల్నాటి బ్రహ్మనాయుని కథను తెలుగునాట ఊరూరా పాడిన మహాగాయకుడు షేక్ నాజర్. వారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద కుటుంబంలో జన్మించినారు. కమ్మని కంఠం వలన బాల్యమందే నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించినారు.

1940ల దశకంలో ప్రజానాట్యమండలిలో చేరిన నాజర్‌కు బుర్రకథయే జీవితమయింది. అది పూర్వం జంగాలు భిక్షాటనకై చెప్పుకొన్న కథ. నడుమ కథకుడు తంబురా మీటుతూ, అందెలు మ్రోగిస్తూ, చిందు వేస్తూ కథ నడుపుతాడు. డక్కీలు వాయించే వంతలలో ఒకడు హాస్యం పండిస్తే, రెండవవాడు రాజకీయం పలుకుతాడు. ఈ చట్రంలోనే నాజర్ రాగతాళాలకూ అభినయానికీ పెద్దపీట వేసినారు. 1943 నాటి బెంగాల్ కరువును సైతం కథగా పాడినారు. ఆకలి ఆయనకు పుస్తకాలలో చదివిన విషయం కాదు గదా! పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట విన్న తరం వాటిని మరువలేదు.

1953లో వచ్చిన గరికపాటి రాజారావుగారి 'పుట్టిల్లు' చిత్రంలోనూ ఆయన బుర్రకథ ఉన్నది. 1986లో పద్మశ్రీ లభించింది.

ఉర్దూ ఇంటిభాషగా గల మా విద్యార్థులు కొందరు తెలుగు తమది కాదనుకొంటారు. వారికి ఈ పేరు తెలియకపోవడం మా అధ్యాపకుల లోపమే.

నాజర్ 1997లో కన్నుమూసినారు. అంగడాల వెంకటరమణమూర్తిగారు అక్షరబద్ధం చేసిన ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. లోకం చిన్నచూపుతో పలికే ఆ మాటయే ఆ గ్రంథానికి శీర్షిక.